మూతి బిగించిన పెన్ను

ఎవరో తలుపు దబదబా బాదారు. ఆ కంగారులో ఆమె స్టవ్ కట్టేసేలోపే పాలు పొంగి గట్టంతా కారాయి. పొద్దున్నే అంత కోపంగా తలుపు కొట్టేవాళ్లు ఈ ఇంటికి ఒక్క పని మీదే వస్తారు. పెన్నులో రీఫిల్ అయిపోయి ఉంటుంది, లేదా కారి ఉంటుంది.

అనుకున్నట్టే గుమ్మంలో మందుల షాపు ఆవిడ. ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, దాని అడుగున అరచేయంత నీలం మరక. రెండో చేతిలో నల్ల చెక్క పెన్ను.

"చూడు వదినా, కొత్త బ్యాగు! పోనీ ఆ దిక్కుమాలిన రీఫిల్ తీసి పారేద్దామంటే మీ పెన్ను నోరు తెరవదే! మా ఆయన పళ్లతో కూడా లాగి చూశాడు."

"లోపలికి రా వదినా, ఇప్పుడే మార్చి ఇచ్చేస్తారు."

"మారుస్తారులే. అందుకని నేను షాపు మూసుకుని, రెండు బస్సులు మారి రావాలా? ఇంతకీ ఈ పెన్ను నాకు అమ్మారా, అద్దెకిచ్చారా?"

ఆమె పక్కకు తప్పుకుని వెనక గదికి దారి ఇచ్చింది. వీధిలో అందరూ పెన్నులాయన అని పిలిచే ఆమె భర్త, లేత్ మిషన్ మీద కర్రముక్కను తిప్పి తిప్పి పెన్ను చేస్తాడు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. కానీ విప్పుకోవడానికి దానికి మర ఉండదు. రీఫిల్ పెట్టాక ఇత్తడి మూతిని ముందు నుంచి నొక్కి బిగించేస్తాడు, అతుకు కూడా కనపడదు. మళ్లీ తీయాలంటే వేడి చేసి పట్టకారుతో లాగాలి, ఆ కిటుకు ఆయన చేతికే తెలుసు. నడుమ మర పెడితే కర్ర చారలు తెగిపోతాయట. కొన్నవాళ్లు ఏ గంగలో దూకినా ఫరవాలేదు, చారలు మాత్రం తెగకూడదు!

వెనక గదిలో ఆయన ఆవిడ మొహం చూడలేదు. పెన్ను మాత్రం చూశాడు.

"ఎండలో పెట్టారా?"

"లేదు అన్నయ్య గారూ. దాంతో రాశాను. అది కూడా తప్పేనా?"

ఆయన మూతిని వేడి చేశాడు, పట్టకారుతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. రాలేదు. ఇంకొంచెం బలంగా తిప్పాడు. టప్‌మంది. పెన్ను మూతి దగ్గర నుంచి నడుం దాకా నిలువునా చీలింది.

"చాలు," అంది ఆవిడ. "మా నాన్న కళ్లజోడు సర్దుకుని మరీ దీన్ని అడిగి తీసుకుని రాసుకునేవాడు. ఇప్పుడేం చెప్పను ఆయనకి? బడ్డీకొట్టులో దొరికే ప్లాస్టిక్ పెన్నుకున్న బుద్ధి దీనికి లేదు. మీ కర్ర మీరే దాచుకోండి."

ఆవిడ వెళ్లిపోయింది. గేటు విసురుగా పడిన చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి.

"కంపెనీవాడు రీఫిల్ లావు పెంచాడు," అన్నాడాయన చీలిక మీద వేలు రాస్తూ. "వెంట్రుకవాసి తేడా. అందుకే పట్టేసింది."

అంతే. ఇన్నాళ్లుగా ఆమె దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"ఎప్పుడు చూసినా ఎవరిదో ఒకరిది తప్పు! ఎండది తప్పు, కంపెనీది తప్పు, రాసినవాళ్లది తప్పు! మీరు మాత్రం పాపం ఏమీ ఎరగరు. గుమ్మంలో నిలబడి తిట్లు తినేది ఎవరు? నేను! ఫోన్లో బతిమాలుకునేది ఎవరు? నేను! పోయిన వారం ఒకాయన నన్ను దొంగ అన్నాడండీ. ఆ మాట మీకు చెప్పలేదు. చెప్తే మాత్రం ఏం చేస్తారు, ఆయన రీఫిల్ ఏ రకమో అడుగుతారు!"

"అరవకు. పక్కవాళ్లు వింటారు."

"విననివ్వండి! చిట్టి ఆ రోజే చెప్పింది. నడుమ కోసి మర పెట్టు నాన్నా, ఎవరి రీఫిల్ వాళ్లే మార్చుకుంటారు అంది. తన పెన్ను మీదే పెన్సిల్‌తో గీత గీసి చూపించింది. మీరేం చేశారు? గరుకు కాగితం తీసుకుని దాని కళ్ల ముందే ఆ గీత గీకేశారు. అంత తెలిస్తే నీ పెన్నులు నువ్వే చేసుకో, ఫో అన్నారు. పోయింది!"

చిట్టి వాళ్లకు ఒక్కతే కూతురు. ఈ మిషన్ పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. ఇప్పుడు ఊరికి అవతల చెక్కబొమ్మలు చేసే షెడ్డులో పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. ఆ రోజు నుంచి ఈ గుమ్మం తొక్కలేదు.

"దాని మాట ఎత్తకు," అన్నాడాయన.

"ఎత్తుతాను! ఇంట్లో ఉన్నదే ఒక్క పిల్ల, దాన్ని..."

"ఏం, దానికి రీఫిల్ అయిపోలేదా?" ఆయన పట్టకారు బల్ల మీద విసిరికొట్టాడు. "ఎప్పుడో అయిపోయి ఉంటుంది! ఆ పెన్ను విప్పాలంటే నా దగ్గరికే రావాలి. గేటు చప్పుడైన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. వచ్చిందా? ఎవరి చేతైనా పంపిందా? అంత పొగరు దానికి!"

చివరి మాట అంటూనే ఆయన మళ్లీ కిటికీలోంచి గేటు వైపు చూశాడు. చిట్టి వెళ్లాక కూడా మర పెట్టనని ఈ మనిషి మొండికేసింది చారల కోసం కాదన్నమాట. మర పెట్టాడంటే, రీఫిల్ కోసం ఎవరూ ఇంటికి రానక్కర్లేదు. కూతురితో సహా.

ఆమె కోపం అంతా ఎటు పోయిందో తెలియలేదు. ముందు గదిలోకి వెళ్లి కుట్టుమిషన్ సొరుగు లాగి, చేతిరుమాలులో చుట్టిన పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పంపింది," అంది. "వానాకాలంలోనే ఎదురింటి డ్రైవర్ చేత పంపింది. నాన్నని రీఫిల్ మార్చమని. నేనే దాచాను."

ఆయన రుమాలు విప్పి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు?"

"మీకిస్తే మార్చి మళ్లీ ఆ డ్రైవర్ చేతే పంపేసేవారు. ఇక అది ఎందుకు వస్తుంది? నాన్న మార్చలేదే, నువ్వే వచ్చి అడుగు అని ఫోన్లో చెప్పాను. అలా అన్నా వస్తుందనుకున్నాను..."

"అంటే నేను కాదన్నాననుకుంటోందా?" ఆయన లేచిన ఊపుకు రీఫిళ్ల డబ్బా కిందపడి గదంతా చెల్లాచెదురైంది. "ఒక్క రీఫిల్! కన్నకూతురికి ఒక్క రీఫిల్ మార్చనన్నానని చెప్పావా? దాని దృష్టిలో నన్ను రాక్షసుణ్ని చేశావు!"

"ఫో అన్నది నేనా? నేను చేసేదాకా ఆగారా మీరు?"

ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. ఆమె బయటికి రాగానే ఆయన తలుపు మూసేశాడు. లేత్ మిషన్ గిర్రున తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆమె వంటగదిలో గట్టు మీద ఎండిపోయిన పాలను గీకుతూ ఏడ్చింది. తర్వాత చేతులు తుడుచుకుని కూతురికి ఫోన్ చేసి, దాచిందంతా చెప్పేసింది. చిట్టి ఊరుకోలేదు.

"ఎంత పని చేశావమ్మా! నాన్నకి నా మీద అంత కక్ష ఉందనుకుని నేను ఎన్ని రోజులు సరిగ్గా తిండి తినలేదో తెలుసా? ఆయనేమో పెన్నులో రీఫిల్ పెట్టి బిగించినట్టు నన్ను బిగిద్దామని చూశాడు. నువ్వేమో ఆ పెన్ను దాచేసి లాగుదామని చూశావు. రమ్మని ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? చెప్పు, ఒక్కసారైనా అడిగారా?"

"లేదే తల్లీ," అంది ఆమె. "అడగలేదు."

అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. ఆయన చొక్కా నిండా రంపపు పొట్టు. చేతిలో చిట్టి పెన్ను రెండు ముక్కలుగా ఉంది.

"అయ్యో, విరగ్గొట్టేశారా!" అని ఆమె గుండెలు బాదుకుంది.

ఆయన రెండు ముక్కలూ కలిపి తిప్పాడు. ఇత్తడి మర మెత్తగా తిరిగి పెన్ను ఒక్కటైంది. నడుమ సన్నటి అతుకు. దాని దగ్గర కర్ర చారలు కొంచెం పక్కకు జరిగాయి. ఆయన ఆమె చేతిలో ఫోన్ తీసుకున్నాడు.

"మర పెట్టాను," అన్నాడు.

"ఎక్కడ కోశావు?" చిట్టి గొంతులో కోపం ఇంకా దిగలేదు.

"నువ్వు గీత గీసిన చోటే."

"ఆ గీత నువ్వే చెరిపేశావు కదా!"

"చెరిపాను. ఎక్కడుందో మరిచిపోలేదు." ఆయన అతుకు మీద బొటనవేలు రాశాడు. "ఇకమీదట నీ రీఫిల్ నువ్వే మార్చుకోవచ్చు చిట్టీ. దాని కోసం నా దగ్గరికి రానక్కర్లేదు."

ఆయన నిలబడి పెన్నును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. ఆమె ఆయన భుజం మీద పొట్టు దులిపి, అడగండి అన్నట్టు చూసింది.

"ఊరికే రా," అన్నాడు.

అవతల ఏడుపు వినిపించింది. అది కూడా కోపంగానే.

"వస్తున్నా. ఆ మర వదులుగా ఉందంటే మాత్రం ఊరుకోను. అమ్మకి కూడా చెప్పు, ఆవిడతో నా గొడవ ఇంకా అవ్వలేదని."

ఫోన్ పెట్టేసి ఆయన నేల మీద కూర్చున్నాడు. పడిపోయిన రీఫిళ్లను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. చీలిపోయిన మందుల షాపు ఆవిడ పెన్ను కాళ్ల దగ్గర కనిపిస్తే తీసి జేబులో పెట్టుకున్నాడు.

"వాళ్ల నాన్నకి కొత్తది చేస్తాను," అన్నాడు తల ఎత్తకుండా. "మర ఉన్నదే. ఇచ్చేటప్పుడు గుమ్మంలో నేను నిలబడతాను."

ఆమె కళ్లు తుడుచుకుని, మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఈసారి ముగ్గురికి సరిపడా పెట్టింది.