ఎర్రటోపీ తమ్ముడు

జరుగు జరుగు గాడిదా... పాపాయికి చోటియ్యి... ఆ తర్వాత ఏదో ఉంది, గుర్తు రావడం లేదు. మా మతేరా ఊరి కొండగుహల్లో మనుషులం, గాడిదా ఒకే గదిలో పడుకున్నప్పటి పాట.

ఆ గుహల్లో నా నేస్తం రొక్కీనా వాళ్లదానికి మరీ చెడ్డపేరు. చర్చిలో జ్ఞానస్నానం కాకుండానే పోయిన పసివాడొకడు ఎర్రటోపీ పెట్టుకుని అక్కడే తిరుగుతాడనీ, నిద్రపోయేవాళ్ల దుప్పటి లాగుతాడనీ అనేవారు. వాడు రొక్కీనా తమ్ముడే.

మా గుహలు దేశానికే సిగ్గుచేటన్నారు సర్కారువాళ్లు. లారీలెక్కించి కొత్త ఇళ్లకి తోలారు. కోళ్లని పట్టుకెళ్లాం... తమ్ముణ్ణి మాత్రం రమ్మని ఎవరూ పిలవలేదు. "చీకట్లో ఒక్కడే ఉన్నాడే" అని రొక్కీనా ముసలిదయ్యేదాకా నా దగ్గర ఏడ్చేది. తను పోయేలోగా వాణ్ణి ఇంటికి తెచ్చుకోవాలి — అదొక్కటే దాని కోరిక.

ఒకనాడు పొద్దుగూకాక, వెనక మెట్లదారిన ఆ పాత గుహకి దిగింది. టోపీ లాక్కుంటే వాడు మన మాట వింటాడు, అది మాకందరికీ తెలిసిందే.

తలుపు ఓరగా ఉంది... లోపల, గాడిదని కట్టేసే చోట — తెల్లటి మంచం. మూల చిన్న దీపం. వాననీళ్ల తొట్టిలోంచి బుడబుడమని చప్పుడు... ఆవిరి... ఆ ఆవిరిలోంచి మెల్లగా ఒక ఎర్రటోపీ పైకి లేచింది.

రొక్కీనా గభాల్న లాగేసింది.

కింద బట్టతల. తెల్ల మీసం.

"ఎంత ముసలాడివైపోయావురా తమ్ముడూ..." అంది.

మీసమాయన పెట్టిన కేకకి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. ఇది ఇప్పుడు హోటలనీ, ఆయన డెన్మార్కు నుంచి వచ్చాడనీ, అది ఈతటోపీ అనీ చెప్పింది. గుహలో పడుకోవడానికి ప్రపంచమంతా ఎగబడుతోందట.

"గాడిద చోటులోనా?" అంది రొక్కీనా.

"ముందు నిండేది ఆ గదే బామ్మా."

డెన్మార్కాయన తువ్వాలు చుట్టుకుంటూ గొణిగాడు. టోపీ సంగతి పోనీ, రోజూ రాత్రి దుప్పటి లాగడం మాత్రం ఆపమని ఈవిడకి చెప్పమన్నాడు.

రొక్కీనా అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు... లారీ ఎక్కిన తర్వాత.

ఆ పిల్లనీ, డెన్మార్కాయన్నీ బయటికి పంపి, మంచం పక్కన కాసేపు కూర్చుందట. ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చింది. ఏమే, వాణ్ణి పిలవలేదా అని అడిగాను.

"పిలిచానే. వేణ్ణీళ్లొదిలి రానన్నాడు."