గుప్పిట్లో తీర్థం

జగ్గయ్యపేటలో వీరరాఘవయ్యగారంటే అందరికీ గౌరవమే, ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ. సి.ఐ.డి.లో ఎస్సైగా చేసి రిటైరయ్యాడు గానీ ఆ బుద్ధి రిటైరు కాలేదు. ఎవరి దొడ్లో గుమ్మడికాయ పోయినా, వీధి వీధంతా భుజాలు తడుముకునేదాకా వదిలేవాడు కాదు. దేవుణ్ణి మాత్రం ఎప్పుడో సాక్ష్యం చాలదని కొట్టేశాడు.

ఎనభై నాలుగు మే నెలలో ఆయన భార్య సీతారావమ్మ నూతి దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నందిగామలో డాక్టర్ ప్రమీలారాణి నర్సింగ్ హోములో చేర్చారు. కాలికి తాడు కట్టి, తాడు చివర ఇటుకలు వేలాడదీసి, "మూడు వారాలు కదిలించడానికి వీల్లేదండీ" అంది డాక్టరమ్మ. వీరరాఘవయ్య పక్కనే స్టూలు వేసుక్కూర్చుని, బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చిన చుట్టాల్ని కూడా ఎక్కడ కొన్నారని ఆరా తీసేవాడు.

ఆ గదిలో రెండే మంచాలు. పది రోజుల్లో పక్క మంచం మీద ఇద్దరు పోయారు. ఇద్దరూ భోజనం చేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. మూడోవాడు సాంబయ్య, హెర్నియా ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్న మిరపకాయల వ్యాపారి.

"మీరట్టా చూస్తే నా ఇడ్లీ కూడా నేరం ఒప్పుకునేట్టుందండీ" అని పొద్దున నవ్వించాడు. మధ్యాహ్నం వీరరాఘవయ్య బయటికెళ్ళి చుట్ట కాల్చుకొచ్చేసరికి సాంబయ్య లేడు.

"గుండె ఆగిందండీ" అంది డాక్టరమ్మ.

"చివరికి అందరికీ ఆగేదేనమ్మా. ఎందుకాగిందీ అని?"

శవాన్ని ఆయనే పరీక్షగా చూశాడు. కుడి అరచెయ్యి చెమ్మగా ఉంది. మాడు మీద, రూపాయి బిళ్ళంత మేర జుట్టు తడిసి ఉంది. మిగతా ఒళ్ళంతా పొడి. తీర్థం పుచ్చుకుని చెయ్యి నెత్తికి రాసుకుంటే అంతే తడుస్తుంది.

ఆయా పున్నమ్మను వరండాలో నిలదీశాడు.

"గదిలో తీర్థం ఎవరిస్తున్నారు?"

పున్నమ్మ మొహం పాలిపోయింది. "మీకెట్టా తెలిసింది బాబుగారూ?" అంటూ గొంతు తగ్గించింది. "నిరుడు ఆ మంచం మీదే పుష్పవతమ్మగారని ఒక పెద్దావిడ... తీర్థం, తీర్థం అని చెయ్యి చాపిందండీ. కొడుకు వేదాద్రి గుడికి వెళ్ళి చెంబుతో తెచ్చేసరికి ప్రాణం పోయింది. చెయ్యి అట్టాగే చాపి ఉంది. చెంబు కిటికీలో పెట్టి ఆవిణ్ణి తీసుకుపోయారు. తెల్లారి చూస్తే చెంబు లేదు."

'చెంబు దొంగే విషం కలుపుతున్నాడు' అని వీరరాఘవయ్య డైరీలో రాసుకున్నాడు. పక్క మంచం ఖాళీ. ఇక ఆ గదిలో ఉన్న రోగి సీతారావమ్మ ఒక్కతే.

మర్నాడు ఆయన చుట్ట మానేసి తలుపు గడియ పెట్టాడు. మధ్యాహ్నం రెండు గంటలైంది. బయట వడగాలి. గదిలో ఫినాయిలు వాసన. హైవే మీద లారీల మోత. కరెంటు పోయింది, ఫ్యాను నెమ్మదిగా ఆగింది. కాసేపటికి లారీల మోతా ఆగింది.

ఫినాయిలు వాసన పోయి... తులసి. పచ్చకర్పూరం.

టింగ్.

చెంబు అంచుకి ఉద్ధరిణి తగిలిన చప్పుడు. తలుపు గడియ వేసినట్టే ఉంది. కిటికీలో ఎవరూ లేరు.

టింగ్... ఇంకాస్త దగ్గరగా.

సీతారావమ్మ నిద్రలోనే, కళ్ళు తెరవకుండా, కుడిచెయ్యి చాపి, తీర్థానికి పట్టినట్టు అరచెయ్యి గుంట చేసింది.

"సీతా! వద్దే!"

చెయ్యి పక్కకి తోసేశాడు. ఆ చెయ్యి ఉన్న చోటికి, గాల్లోంచి, ఉద్ధరిణెడు నీళ్ళు జారాయి.

తీర్థం నేల పాలు కాకూడదు నాయనా... చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట. దేవుణ్ణి కొట్టేసిన వీరరాఘవయ్యకి అది గుర్తుకు రాలేదు. ఆయన చేతికి గుర్తుంది. తనంతట తనే కిందికి వెళ్ళి పట్టుకుంది.

మంచుగడ్డలా ఉంది.

"పుచ్చుకోండి..." చెవి పక్కన ఎవరో.

తాగలేదు. గుప్పిట మూశాడు. ఫ్యాను తిరిగింది.

సీతారావమ్మ కళ్ళు తెరిచి, "ఏమండీ, దొంగని పట్టినట్టు ఆ గుప్పిటేంటి?" అంది. ఆవిడ మాడు తడిమి చూశాడు. పొడిగానే ఉంది.

మూడు వారాలకి ఆవిణ్ణి క్షేమంగా పేట తీసుకొచ్చాడు. గుప్పిట్లో నీళ్ళు మాత్రం రోహిణి ఎండకీ ఇంకలేదు. ఒలకబోస్తే ఏమవుతుందో తెలియదు. తాగితే ఏమవుతుందో తెలుసు. అన్నం ఎడమచేత్తోనే తినేవాడు. "ఎస్సైగారి ఆఖరి మామూలు ఇంకా గుప్పిట్లోనే ఉందిరోయ్" అని కాఫీ హోటల్లో బుల్లిబాబు ఊరంతటినీ నవ్వించాడు. రాత్రుళ్ళు ఆ గుప్పిటకి తువ్వాలు బిగించి కట్టేది సీతారావమ్మ. తెల్లారి పిండితే తులసి వాసన.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, వసారాలో కూర్చున్న ఆయనకి తెలియకుండానే కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి గుప్పిట విప్పి ఉంది. అరచెయ్యి పొడిగా ఉంది.

కింద నేల చూశాడు. చుక్క లేదు.

పక్కన చాప మీద సీతారావమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. మాడు మీద జుట్టు, రూపాయి బిళ్ళంత మేర, నల్లగా మెరుస్తోంది.

పొద్దున తలంటుకుంది కదా, అదే అయ్యుంటుంది అనుకున్నాడు. పిలవడానికి నోరు తెరిచాడు... మూశాడు. చీకటి పడి ఎదురింటి వాళ్ళు లైటు వేసేదాకా, అట్లాగే చూస్తూ కూర్చున్నాడు.