రెండో రివ్యూయర్ ముసుగు

తూటా ముందు కిటికీ అద్దాన్ని, తర్వాత కాఫీ కప్పును, ఆపైన రసాయన శాస్త్రవేత్త గొంతును చీల్చింది. మౌస్ మీద ఉన్న ఆమె వేలు అలాగే ఉండిపోయింది. నొక్కలేదు.

"నొక్కి ఉన్నా ఆమె బతికేది కాదు. మనం మాత్రం బతికేవాళ్లం," అన్నాడు చీఫ్, నెత్తురంటిన కుర్చీని చూస్తూ.

ఏజెంట్ ముంగిస తలూపాడు. ఒక మిషన్లో తుపాకీ జారిపోతే శత్రువును పళ్లతో కొరికి చంపాడని అతనికా పేరు. చంపింది ఒకణ్ణే. చెప్పేవాళ్లు మారేకొద్దీ ఇప్పటికి డజను దాటారు.

"విదేశీ ముఠా ఒకటి విషవాయువు చేసింది. ఈమె విరుగుడు కనిపెట్టి సైన్స్ పత్రికకు పంపింది. తోటి నిపుణులు సరిచూసి సరేనంటేనే వాళ్లు అచ్చేస్తారు. పీర్ రివ్యూ అంటారు. రివ్యూయర్ల పేర్లు రహస్యం. ముగ్గురిలో ఇద్దరు సరేనన్నారు. రెండో నంబరు రివ్యూయర్ మాత్రం 'ఇంకో ప్రయోగం చేయండి' అంటూ ఏడాదిగా తిప్పుతున్నాడు."

"ముఠా మనిషా?"

"ముఠా నాయకుడే! విసిగిపోయి ఈమె ప్రీప్రింట్ పెట్టబోయింది. రివ్యూ కోసం ఆగకుండా, లోకమంతా చదువుకునేలా నెట్లో పెట్టేయడం. అందుకే చంపారు. ఫైళ్లన్నీ వైరస్ తినేసింది. మిగిలిన కాపీ పత్రికాఫీసులో ఉంది. సాయంత్రం రైల్వే స్టేషన్లో వాయువు వదిలి, కొనేవాళ్లకు నమూనా చూపిస్తారట. వెళ్లు."

పత్రికాఫీసుకు ఏసీ మెకానిక్ వచ్చాడు.

"ఏసీ బాగానే ఉందిగా?" అన్నాడు మెట్ల దగ్గర ముఠా కాపలావాడు.

"నువ్వే వేడిగా ఉన్నావు," అని ముంగిస వాడి నోట్లో స్పానర్ దూర్చాడు. పళ్లు మెట్ల మీద గవ్వల్లా దొర్లాయి. ఇంకొకడి తలను జిరాక్స్ మెషీన్ మూత కింద పెట్టి నాలుగుసార్లు మూశాడు. మెషీన్ బుద్ధిగా నాలుగు కాపీలు తీసింది. ఒక్కోదాంట్లో ముక్కు ఒక్కో చోట ఉంది.

లోపల ఎర్ర గౌనులో ఎడిటర్. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"అంగీకరించారా?"

"స్వల్ప సవరణలతో." కోడ్ మాట కుదిరింది. పిస్టల్ దిగింది. ముఠా జీతం తింటూ చీఫ్‌కు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్ ఆమె.

"ఆలస్యం చేశావు బావా. ఫైలు సిద్ధం. నొక్కడమే."

"నేనెప్పుడు బావనయ్యాను?"

"బతికి బయటపడితే ఆలోచిద్దాం."

తలుపు ఊడి పడింది. మూడు నల్ల ముసుగులు. నాయకుడు తన అంగరక్షకులకూ తనలాంటి ముసుగే తొడిగించాడు. అందరి చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"మౌస్ ముట్టుకుంటే స్విచ్ నొక్కుతా. స్టేషన్లో జనం పిట్టల్లా రాలతారు," అంది గొంతు మార్చే యంత్రం. ఏ ముసుగులోంచో తెలియలేదు. తప్పు మనిషిని కాలిస్తే అసలువాడు నొక్కేస్తాడు.

"నాకూ తెలీదు. మెయిల్లో తప్ప చూడలేదు," గొణిగింది ఎడిటర్.

ముంగిస స్క్రీన్ చూసి నిట్టూర్చాడు. "పాపం, రెండో రివ్యూయర్ గారి పరిశోధన ఒక్కటీ ఈ పేపర్లో ప్రస్తావించలేదే!"

ఎడిటర్ అందుకుంది. "చేర్చమని ప్రతి రివ్యూలోనూ మొత్తుకున్నాడు. పనికిమాలిన పని, అక్కర్లేదని ఆవిడ కొట్టేసింది."

నడిమి ముసుగు వణికింది. మరుక్షణం ఊడింది.

"పనికిమాలిన పనా? ఈ రంగానికి పునాది వేసిందే నేను! ఏ పేజీ? ఏదీ, చూపించు!" జేబులోంచి చెయ్యి తీసి స్క్రీన్ వైపు వేలు చాచాడు.

ముంగిస తూటాకు ఆ వేలు ఎగిరిపోయింది. రెండో తూటా రొమ్ములో దిగింది. ఎడమ ముసుగును ఎడిటర్ కాల్చింది. కత్తి దూసిన కుడివాణ్ణి ముంగిస కిటికీలోంచి పంపాడు. వాడు అంతస్తు అంతస్తునూ పలకరించుకుంటూ కిందికి పోయాడు.

పడిపోయిన నాయకుడి ఎడమ చెయ్యి జేబులోకి పాకింది. స్విచ్‌కు ఆనేలోపు ఎడిటర్ హైహీల్ మణికట్టులోకి దిగింది. ముంగిస మౌస్ నొక్కాడు.

కాసేపటికి చీఫ్ ఫోన్. "ఆసుపత్రులన్నీ చదువుతున్నాయి. విషం కొనడానికొచ్చినవాళ్లు జారుకున్నారు. ఆ శాస్త్రవేత్త పేరు వేశావా?"

"పైనే ఉంది సార్."

నేల మీదివాడు నెత్తురు కక్కుతూ తలెత్తి స్క్రీన్ చూశాడు. "మూడో బొమ్మ... స్పష్టంగా లేదు," అని ప్రాణం వదిలాడు.

ఎడిటర్ పిస్టల్ తుడుచుకుంది. "ఏడాదికి మొదటిసారి, గడువు దాటకుండా రివ్యూ ఇచ్చాడు."