గెలిచి తిరిగిచ్చినవాడి ఫారం

"ట్రోఫీ ఎవరి చేతికి వెళ్తుందో వాడే మనకు కావలసిన మనిషి," అన్నాడు చీఫ్ హ్యాడ్లీ.

ఏజెంట్ రోలాండ్ కిష్ కారులో కూర్చుని వింటున్నాడు. చెవిలోని రిసీవర్ కందిగింజంత. కోటు గుండీలో కెమెరా, మైకు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. ఎదురుగా డెట్రాయిట్ శివార్లలోని చర్చి హాలు. చావుకు దగ్గరైన రోగులను చూసుకునే హాస్పిస్ సహాయార్థం అక్కడ పోకర్ పోటీ.

"నగరం నీటి పంపుల కంట్రోల్ కోడ్‌లు మైక్రోఫిల్మ్ మీద ఎక్కించి ఆ ట్రోఫీ పీటలో దాచారు. గెలిచినవాడు చప్పట్ల మధ్య పట్టుకుపోతాడు. బయట పరాయి దేశపు కాన్సులేటు కారు ఉంది. అందులో ఎక్కాడా, వాణ్ణి ముట్టుకునే హక్కు మనకు లేదు. నాలుగు లక్షల ఇళ్ళ కుళాయిలు వాళ్ళ చేతిలోకి పోతాయి."

"హాల్లోనే పట్టుకుంటే?"

"పీటలో ఏముందో తెలియదంటాడు. లాయరు గంటలో విడిపిస్తాడు. అందుకే పన్ను ఫారం. గెలుపు అయిదు వేల డాలర్లు దాటితే పేరూ, పన్ను నంబరూ రాసి సంతకం చెయ్యాలి. దొంగ నంబరు రాస్తే అక్కడికక్కడే అరెస్టు."

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"అక్కడ నువ్వంటే అందరికీ గౌరవం కదా."

రోలాండ్ కారు దిగాడు.

గుమ్మంలోనే కోశాధికారి ల్యూసిల్ బరోవిచ్ ఎదురైంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. చేతిలో పియెరోగీలనే పోలిష్ కజ్జికాయల పళ్ళెం.

"వచ్చావా నాయనా. చూడండర్రా, మూడేళ్ళ కిందట గెలిచిందంతా తిరిగిచ్చేసిన మహారాజు ఇతనే."

"ఊరుకోండమ్మా."

"ఎందుకు ఊరుకోవాలి? హెలెన్ పోయిన ఏడాదే అది. పెళ్ళాన్ని చూసుకున్న హాస్పిస్‌కే ఇచ్చాడు. ఈ రోజుల్లో ఎవరిస్తారు?"

రోలాండ్ చెవులు మండాయి. తల వంచుకుని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పక్క కుర్చీలో ఆకుపచ్చ గౌనులో ఇలోనా ఉంది. రెండేళ్ళుగా ఆ కోడ్‌ల దొంగల ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు వార్తలు పంపుతున్న మనిషి. పేకముక్కలు చూసుకుంటున్నట్టే నటిస్తూ చిన్నగా అంది.

"నీ మాట మీ చీఫ్‌కు వినపడదులే. నా చేతి గాజు జామర్, పక్కనున్న మైకును నొక్కేస్తుంది."

"అంటే నువ్వు..."

"అవును, వాళ్ళ మనిషినే. నీ పన్ను కాగితాల కాపీ నా పర్సులో ఉంది. గెలిచిన ఆరు వేల రెండు వందలు ఆదాయంలో చూపలేదు. తిరిగిచ్చిన ఆరు వేల రెండు వందలు మాత్రం విరాళమని చూపించి పన్ను తగ్గించుకున్నావు. అదీ చచ్చిపోయిన పెళ్ళాం పేరు చెప్పి."

రోలాండ్ తన పేకముక్కలు బల్ల మీద బోర్లించాడు.

"ఇవాళ నోరు మూసుకుని కూర్చో. అంతే చాలు. లేకపోతే ఆ కాగితాలు రేపు ఈ హాలంతా పంచుతాను. ముందు ఆ ముసలామెకే ఇస్తాను."

ఆఖరి ఆట ముగిసింది. నీలం కళ్ళద్దాలు పెట్టుకున్న బట్టతల మనిషి గెలిచాడు. పేరు డెన్నిస్ క్రోల్ అని చెప్పుకున్నాడు. ఏడు వేల నాలుగు వందల డాలర్లు. ల్యూసిల్ ఫారం తీసుకుని వచ్చేలోపే అతను లేచి నిలబడ్డాడు.

"ఈ డబ్బు నాకొద్దు. అంతా హాస్పిస్‌కే. గుర్తుగా ఈ కప్పు చాలు."

హాలు చప్పట్లతో మోగింది. ల్యూసిల్ కళ్ళు తుడుచుకుంది. ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"డబ్బు గుమ్మం దాటనే లేదు. ఇంక ఫారం ఎందుకు బాబూ?"

మూడేళ్ళ కిందట ఆమె రోలాండ్‌తోనూ ఆ మాటే అంది. ఆ చుట్టుపక్కల ఏ హాల్లోనైనా ఆ మాటే అంటారు. ఇచ్చేసినవాణ్ణి కాగితం అడగడం అవమానించడమని వాళ్ళ నమ్మకం.

క్రోల్ ట్రోఫీ అందుకున్నాడు. తలుపుకి పన్నెండు అడుగులు. బయట కారు తలుపు తెరుచుకుంది.

"ఫారం ఏది?" రిసీవర్‌లో హ్యాడ్లీ గొంతు. "రోలాండ్, ఏం జరుగుతోందక్కడ?"

ఇలోనా తన పర్సు మీద చెయ్యి వేసి నవ్వింది. రోలాండ్ లేచి నిలబడ్డాడు.

"ల్యూసిల్ గారూ, ఫారం రాయించాలి."

"ఇచ్చేశాడుగా."

"ఇచ్చినా గెలుపు గెలుపే. ముందు ఆదాయంలో రాయాలి. విరాళం మాట ఆ తరువాత."

"నీకెలా తెలుసు?"

"నేను రాయలేదు కాబట్టి." తల ఎత్తలేకపోయాడు. "చప్పట్లు మీ దగ్గర తీసుకున్నాను. పన్ను తగ్గింపు సర్కారు దగ్గర తీసుకున్నాను. హెలెన్ పేరు మీద దొంగతనం చేశానమ్మా."

ల్యూసిల్ అతనికేసి ఒక్క క్షణం చూసింది. తరువాత చరచరా నడిచి వెళ్ళి క్రోల్ చేతిలోని కప్పు లాక్కుంది.

"తప్పు నాదే బాబూ. రెండు నిమిషాలు కూర్చో. ఫారం రాస్తేగాని ఇది ఇవ్వను."

కప్పు లేకుండా వెళ్తే క్రోల్‌కు లాభం లేదు. గబగబా నంబరు రాసి సంతకం గీశాడు. కప్పు తీసుకున్నాడు. ఒక కాలు గడప దాటింది.

రోలాండ్ ఫారం మీదికి వంగాడు. గుండీలోని కెమెరా ఆ అంకెలను పంపింది.

"ఆ నంబరు ఎనిమిదేళ్ళ కిందట చనిపోయిన చేపల వ్యాపారిది," అన్నాడు హ్యాడ్లీ. "పట్టుకో."

మూల బల్ల దగ్గర పియెరోగీలు తింటున్న ఇద్దరు హ్యాడ్లీ మనుషులు ఒక్క ఉదుటున లేచి క్రోల్ కాలరు అందుకున్నారు. రెండో కాలు ఇంకా లోపలే ఉంది. రోలాండ్ వేలెత్తి చూపగానే ఇలోనా చేతికి గాజు పోయి సంకెళ్ళు పడ్డాయి. కాన్సులేటు కారు ఖాళీగా కదిలిపోయింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తమ పళ్ళాలకేసి చూసుకుంటున్నారు.

"నీ ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది, రోలాండ్," అంది ల్యూసిల్.

"నాకూ అలాగే ఉందమ్మా."

ఆమె ఇంకో ఫారం తెచ్చి అతని ముందు పెట్టింది. "కూర్చో. నీది కూడా రాయి."

అతను పెన్ను తీసుకున్నాడు. చెవిలో హ్యాడ్లీ గొంతు సంతోషంగా పలికింది.

"దేశం నీకు ఋణపడి ఉంది, రోలాండ్."

"లేదు సార్. దేశానికి నేనే బాకీ. మూడేళ్ళ వడ్డీతో సహా ఎంతయిందో ల్యూసిల్ గారు లెక్క వేస్తున్నారు."