మాయమైన రెండు వందల కిలోమీటర్లు

“మూడు వందల పన్నెండు కిలోమీటర్లా? అబద్ధం!” తండ్రి కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. “ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన రోడ్డు నాకు తెలీదా? అయిదు వందల పది. మిగతా రెండు వందలూ నీ విమానం మింగేసిందా?”

కూతురు షూ లేసులు కట్టుకుంటూ నవ్వింది. చొక్కా భుజాల మీద నాలుగో చార ఇవాళే ఎక్కింది. పదకొండింటికి, నాన్న బస్సు నడిపిన రెండు ఊళ్ల మధ్యే తిరిగే చిన్న విమానాన్ని మొదటిసారి కెప్టెన్‌గా నడపబోతోంది. అందులో నాన్న కూర్చోవాలని ఆమె కోరిక. టికెట్టు మూడు రోజులుగా ఫ్రిజ్‌కి అంటించే ఉంది.

“కొండ మలుపులు గాల్లో ఉండవు నాన్నా. యాభై అయిదు నిమిషాలు, అంతే.”

“నా తొమ్మిది గంటలు నీకు యాభై అయిదు నిమిషాలన్నమాట!” అతను కుర్చీ వెనక్కి నెట్టాడు. “నా బతుకంతా ఆ మలుపుల్లోనే అరిగిపోయింది. నువ్వు చీపురు పెట్టి ఊడ్చేశావు. నేను రాను. ఇంకొకరు నడిపే బండి ఎక్కనని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను.”

“మా పెళ్లికి కూడా ఆయనే కారు నడుపుకుంటూ వచ్చారు,” వంటగదిలోంచి తల్లి అంది. “పెళ్లికొడుకేడని మా వాళ్లు వెనక సీట్లో వెతికారు.”

ఎవరూ నవ్వలేదు. కూతురు లేచి నిలబడింది.

“నేను పుట్టినప్పుడు నువ్వెక్కడున్నావు నాన్నా? ఆ రోడ్డుకి అవతలి చివర. తొమ్మిది గంటలు. స్కూల్లో నా చెయ్యి విరిగినప్పుడు తొమ్మిది గంటలు. నానమ్మ నీ కోసమే కళ్లు తెరిచి ఉంది. నువ్వొచ్చేసరికి చెయ్యి చల్లబడిపోయింది. ఆ తొమ్మిది గంటల మీద పగబట్టి ఈ పని నేర్చుకున్నాను. నీ మీద కాదు.”

గేటు చప్పుడైంది. ఆమె వెళ్లిపోయింది.

తండ్రి గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదిన్నర. విమానాశ్రయానికి నలభై నిమిషాలు.

“ఏమే, నా ఇస్త్రీ చొక్కా ఏది?”

“ఇదిగో.” తల్లి అప్పటికే చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. “టాక్సీ కూడా పిలిచాను. ఒట్టు తీసి గట్టున పెట్టి వెనక సీట్లో బుద్ధిగా కూర్చోండి. ఆ డ్రైవరుకి పాఠాలు చెప్పకండి.”

విమానం లేచిన ఇరవయ్యో నిమిషానికి స్పీకర్లో కూతురి గొంతు వినిపించింది. “ఎడమవైపు కింద కొండ రోడ్డు చూడండి. డెబ్భై రెండు మలుపులు. ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రయాణికుడికీ గీత పడకుండా వాటిని దాటించిన డ్రైవరు ఇవాళ మనతో ఉన్నారు. ఆయన మా నాన్న.”

అతను నుదురు అద్దానికి ఆనించాడు. కింద దారపు ఉండ జారిపడి విడిపోయినట్టు రోడ్డు. ఒక్కో మలుపూ లెక్కపెట్టసాగాడు. ముప్ఫై దాకా వచ్చేసరికి కళ్లు మసకబారాయి. తుడుచుకుని చూస్తే కొండ వెనకబడిపోయింది. కొండంతా నాలుగు నిమిషాల్లో! ఆ రోజు ఈ విమానం ఉంటే కన్నతల్లి చెయ్యి వెచ్చగా ఉండగానే పట్టుకునేవాడు. కూతురు ఊడ్చేసింది అతని బతుకుని కాదు.

అందరూ దిగాక తలుపు దగ్గర ఆమె ముందు ఆగాడు.

“ఎంతసేపు పట్టింది?”

“యాభై నాలుగు.”

“నిమిషం ముందొచ్చావు. ముందొచ్చినా తప్పే, టైమంటే టైమే.” ప్రతి ట్రిప్పు చివరా బస్సు బానెట్‌ని తట్టినట్టే తలుపు చట్రాన్ని రెండుసార్లు తట్టాడు. తర్వాత ఆ చెయ్యి కూతురి తల మీద ఆగిపోయింది.

“తిరుగు ట్రిప్పులో నాకు కుడివైపు కిటికీ సీటు కావాలి,” అన్నాడు. “ముప్ఫై దగ్గర లెక్క తప్పాను.”