సఫారీ అనకూడని సందు

మా వీధి చివర ఒక సందు ఉంది. పగలు అందులోంచి స్కూలు పిల్లలు పోతారు, పాల సైకిల్ పోతుంది, కుక్కలు నడి సందులో కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. చీకటి పడిందంటే మాత్రం మనిషన్నవాడు అటు తొంగిచూడడు.

ఆ సందు మధ్యలో మూతపడిన దర్జీ దుకాణం ఉంది. సఫారీ సూట్లు కుట్టడంలో ఆ దర్జీని మించినవాడు లేడని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ప్యాంటూ చొక్కా ఒకే గుడ్డ, ముందు నాలుగు జేబులు. ఒకప్పుడు ఆఫీసరన్న ప్రతివాడూ అతని చేతి సఫారీ వేసుకునే తిరిగేవాడు. తర్వాత ఆ మోజు పోయింది, బేరాలూ పోయాయి. చివరి సఫారీకి ఒక చెయ్యి అతికించి, రెండో చెయ్యి మిషన్ మీద ఉండగానే అతని ప్రాణం పోయిందట. కుట్టమన్నవాడు దాని కోసం రానే లేదట.

అప్పటి నుంచీ రాత్రయితే షట్టరు వెనక మిషన్ నడుస్తుంది... టకటకా టకటకా... ఆగుతుంది... మళ్ళీ నడుస్తుంది. ఆ సందులో పొరపాటున కూడా ‘సఫారీ’ అనకూడదు. అంటే — లోపలి నుంచి కొలతలకి పిలుస్తాడు. కొలతలిచ్చినవాడు ఆ తర్వాత ఇంకే బట్టా తొడగడు... అంటారు మా వీధివాళ్ళు.

ఇక మా బావ సంగతి.

బావంటే మా అక్క మొగుడు. ఫ్యాన్ల షోరూములో మేనేజరు. దుకాణంలో కుర్రాళ్ళు ఆయన్ని ‘సింహం’ అంటారు. మెచ్చుకుని అంటున్నారనే ఆయన నమ్మకం. సాహసమంటే ఆయనకి ప్రాణం, సోఫాలో కూర్చుని చేసేదైతే. జంతువుల వీడియోలు చూసి చూసి, చిరుతపులి ఎదురుపడితే ఏం చెయ్యాలో పక్కింటివాళ్ళకి కూడా నేర్పేశాడు. వంటింట్లో బల్లి కనిపిస్తే మాత్రం అక్కని కేకేస్తాడు.

ఈ ఏడు అడవికి సఫారీ యాత్ర పెట్టాడు. జీపులో జంతువులు, పడవలో నది, కొండ మీద సూర్యోదయం, అడవిలో ఉండేవాళ్ళ ఊళ్ళో ఒక రాత్రి — వాళ్ళ పాటలు, వాళ్ళ ఆటలు, వాళ్ళతో కలిసి భోజనం. ముందు గదిలో బల్ల నిండా మ్యాపులు పరిచాడు. పెద్ద టోపీ కొన్నాడు. బైనాక్యులర్ కొని, దాంతో ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లని గంటసేపు పరిశీలించాడు.

ఏజెంటుని ఆయన అడిగిన ప్రశ్నలు వింటే అడవిలో జంతువులు కూడా సిగ్గుపడేవి.

“జీపుకి తలుపులుంటాయా?”

“లేదు సార్, అన్ని వైపులా తెరిచే ఉంటుంది.”

“మరి సింహం ఎక్కేస్తే?”

“ఎక్కదు సార్.”

“అది మీకు చెప్పిందా?”

సూర్యోదయం కాస్త ఆలస్యంగా పెట్టించలేరా అన్నాడు. అడవిలో ఉండేవాళ్ళు మనల్నేమీ చెయ్యరు కదా అన్నాడు. ఇంతమందికి అన్నం పెట్టి, పాట పాడి పంపించేవాళ్ళు ఈయన్ని ఏం చేసుకుంటారో నాకైతే తట్టలేదు. మూడో సీటు నాది కాబట్టి నోరు మూసుకున్నాను. పెట్టెలు మొయ్యడానికి ఎవరో ఒకరు కావాలిగా.

అక్క ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎప్పుడు వెళ్తున్నామన్నది తప్ప.

అక్క పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఏనుగుల్ని, జింకల్ని, అడవిదున్నల్ని ఎన్ని వేసిందో ఆమెకే తెలియదు. అన్నీ ఫొటోలు చూసి వేసినవే. ఏనుగు నీళ్ళలోంచి లేచేటప్పుడు ఏ కాలు ముందు ఎత్తుతుందో ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి రా, అనేది నాతో. ఈ మధ్య ఆమె చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. పక్కన పెట్టిన గ్లాసు కనబడక చెయ్యి తగిలి పడిపోతోంది. మందులతో కొన్నాళ్ళు ఆపగలనన్నాడు కంటి డాక్టరు. చూడాలనుకున్నవేవైనా ఉంటే వాయిదా వెయ్యొద్దని కూడా అన్నాడు. వానలు మొదలైతే అడవి గేట్లు మూసేస్తారు. మళ్ళీ తెరిచేసరికి అక్క కళ్ళు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ ప్రయాణం ఆగకూడదు.

ఏజెంటు ఆ రాత్రిలోగా మాట ఖాయం చెయ్యమన్నాడు. లేకపోతే సీట్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయన్నాడు.

ఆ రాత్రి...

నేను ముందు గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. తలుపు ధడాలున తెరుచుకుంది. బావ! ఒక కాలికి చెప్పు లేదు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. సోఫాలో కూలబడి, నేనిచ్చిన నీళ్ళు సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

“ఒరేయ్... వాడు ఉన్నాడు రా,” అన్నాడు.

“ఎవరు?”

“దర్జీ.”

ఇక బావ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

షోరూము నుంచి తొందరగా ఇంటికి రావాలని అడ్డదారిన ఆ సందులోకి తిరిగాడట. దీపం లేదు... చేతిలో ఫోను వెలుగు ఒక్కటే. దెయ్యాలూ గియ్యాలూ తనకి పట్టింపు లేదు కాబట్టి తాపీగా నడుస్తూ ఏజెంటుకి ఫోన్ చేశాడట.

“‘మూడు సీట్లూ ఖాయం చేసెయ్, సఫారీకి వస్తున్నాం’ అన్నాను రా. గట్టిగానే అన్నాను. అంతే — లోపల మిషన్ ఆగిపోయింది.”

“ఆగిపోయిందంటే... అప్పటిదాకా నడుస్తోందా?”

బావ నా వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది.

షట్టరు అవతల ఏదో కదిలిందట. గుడ్డ నేల మీద ఈడ్చినట్టు... మెల్లగా... దగ్గరికి. తర్వాత ఏ శబ్దమూ లేదు. బావ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు షట్టరు సందులోంచి... బొంగురు గొంతు...

“ఎవరికి బాబూ... సఫారీ?”

బావ ఒళ్ళంతా చెమట. అయినా సింహం కదా! గుండె దిటవు చేసుకుని ఎదురు నిలిచాడట.

“నిండు చేతులా...” అంది గొంతు. “సగం చేతులా?”

ఆ మాటతో పాటే చల్లగా ఏదో ఆయన భుజం మీద వాలింది. సన్నగా... పొడుగ్గా... మెడ దాకా పాకింది.

“టేపు రా! కొలతల టేపు! కొలిచేశాడు నన్ను!”

అంతవరకు చెప్పి బావ ఊపిరి తీసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ లేచి కిటికీ మూశాను.

మరుక్షణమే బావ మొహంలోకి రంగు వచ్చింది. టోపీ తీసి పెట్టెలో పడేశాడు. మ్యాపులు చుట్టెయ్యడం మొదలుపెట్టాడు.

“ఇంతకన్నా అపశకునం ఉంటుందా? నా మట్టుకు నేను వెళ్ళేవాణ్ణే, నాకేం భయం! కానీ చచ్చినవాడు అడ్డుపడుతుంటే మీ అక్కని ఆ అడవిలోకి ఎలా తీసుకెళ్ళను? దాని మంచి కోసమే మానేస్తున్నాను. నువ్వే నెమ్మదిగా చెప్పు.”

ఎంత చక్కగా చుట్టాడో మ్యాపుల్ని. ఒక్క మడత కూడా తప్పలేదు. అక్క మొహం తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

“ఆ గొంతు అడిగినప్పుడు మీరేమన్నారు?”

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. వెనక గుమ్మంలో అక్క. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో తెలియదు. అసలు ఇంతసేపూ ఆమె ఇంట్లో లేదన్న సంగతి బావ గమనించనేలేదు.

“ఏమంటాను? నాకే అన్నాను. కావాలంటే నన్ను కొలుచుకో, నావాళ్ళ జోలికి రాకు అన్నాను.”

అక్క వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచలేదు.

“ఆ దుకాణం వెనకే దర్జీ భార్య ఇల్లు. షట్టరు తాళం ఆవిడ మరిది దగ్గరుంది. పగలు మిషన్ చప్పుడు వినిపిస్తే గొడవకొస్తాడని, పాపం, రాత్రిపూట వెనక తలుపులోంచి వచ్చి కుట్టుకుంటుంది. దెయ్యమని జనం భయపడితే ఆవిడకే మంచిది. అడవిలో వేసుకోవడానికి ప్యాంటూ చొక్కా కుట్టించుకుందామని ఇవాళ నేను వెళ్ళాను. బజారులో కుట్టించుకుంటే ఈ వయసులో వేషాలేమిటంటారు కదా మీరు.”

బావ చేతిలో మ్యాపు సగంలో ఆగింది.

“టేపు కాదు అది. దుకాణం బోర్డుకి కట్టిన తాడు తెగి వేలాడుతోంది. మీ చెప్పు కూడా అక్కడే ఉంది.”

“మరి... ఆ గొంతు...”

“నాదే. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని అడిగాను. ఊరికే అడగలేదు. ఆ సందులో ఎవరూ వినరని మీరు షట్టరుకి ఆనుకుని మాట్లాడారు. ‘సీట్లు అయిపోయాయని మీరే మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి, నా పేరు బయటికి రానివ్వకండి. దాని కళ్ళకేం, సఫారీకి వచ్చే ఏడు చూద్దాం లెండి’ అన్నారు. అది విన్నాకే అడిగాను.”

బావ చుట్టిన మ్యాపుని గబగబా విప్పి మళ్ళీ బల్ల మీద పరచబోయాడు.

“ఇంకో సంగతి. నాకే అన్నానంటున్నారు. అలా అనలేదు మీరు.” అక్క ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. “ఎవరికి బాబూ సఫారీ అంటే, ‘నాకొద్దు బాబోయ్! మా ఆవిడకి! మా ఆవిడకి!’ అని అరుచుకుంటూ పరిగెత్తారు. మిమ్మల్ని కాదనడం ఎందుకని, ఏజెంటుకి ఫోన్ చేసి, మీ సీటు తీసేయించి, అదే మాట ఖాయం చేసేశాను.”