ఏడో దెబ్బ తర్వాత

మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే దేవేంద్రన్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు. అంత గట్టిగా మెట్లెక్కేది ఆ వీధిలో యశశ్విని ఒక్కతే.

"మా ఇంటి కిటికీకి మైకు తగిలించింది నువ్వే కదా?"

"మీ నాయన్ని అడిగే తగిలించినాను. ఎనిమిది నెలలైంది. ఇప్పుడేంది?"

"నువ్వు పంపిన పాటలు ఇప్పుడే విన్నాను, అందుకని. మగ్గం చప్పుడు తీసెయ్. తొమ్మిది పాటల్లోనూ తీసెయ్."

"తీసేస్తే మిగిలేది నా అరుపులే!"

"అవీ తీసెయ్. తిరుత్తణి బాగుపడతాది."

దేవేంద్రన్ పుట్టి పెరిగింది తిరువళ్లూరులో, నాన్న చీరల కొట్లో. చీర మడత చూస్తే ఏ రకమో చెప్పగలడు గానీ మగ్గం ఎక్కి ఎరగడు. ఏడాది క్రితం తిరుత్తణి నేతవీధిలో అవ్వ సరసమ్మ ఇంటి మిద్దె మీద గదిలో దిగి, గోడలకు పాత బొంతలు కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. వెనక కంపెనీ లేదు, మేనేజర్ లేడు. తెలుగు రాయడం రాక పాట తమిళ అక్షరాల్లో రాసుకుని తెలుగులో పాడేదీ, బీటు కలిపేదీ, పోస్టరు గీసేదీ అన్నీ తనే. అలా పుట్టిన మొదటి ఆల్బమ్ 'నేతవీధి' శుక్రవారం పొద్దున విడుదల. అందులో డ్రమ్స్ లేవు. యశశ్విని నాన్న, ఎదురింటి శివప్రకాశం మగ్గమే డ్రమ్స్.

ఇంకో మాట విసురుదామని చూస్తే ఆమె ముక్కు ఎర్రబడి ఉంది. అతని ఉత్సాహం చల్లారిపోయింది.

"ఏమైంది? నిజం చెప్పు."

"అది మా నాయన చెయ్యి కాదు. నాది."

"నీదా? నువ్వు నూలు కండెలు చుట్టేది కదా?"

"అని అందరికీ చెప్తాము. రెండేండ్లయింది ఆయన భుజం పోయి. తలుపు మూసి నేనే నేస్తా ఉండా. నువ్వేమో పోస్టరులో 'మగ్గం: శివప్రకాశం' అని పెద్ద పెద్ద అక్షరాల్లో వేసినావు. ఈ వీధిలో మగ్గం దెబ్బ వింటే చాలు, ఎవురి చెయ్యో చెప్తారు. శుక్రవారం ఫోన్లలో గట్టిగా పెట్టుకుని వింటే మా నాయన తల యాడ పెట్టుకోవాల?"

దేవేంద్రన్ కంప్యూటర్ తెర వైపు తిరిగాడు. ఆ మగ్గానికి ఒక తీరు ఉంది. వరుసగా ఏడు దెబ్బలు, ఎనిమిదో దెబ్బ దగ్గర చిన్న ఖాళీ. పెద్దాయన ఊపిరి తీసుకుంటున్నాడు కాబోలు అనుకుని, ప్రతి పాటలోనూ ముఖ్యమైన మాటను ఆ ఖాళీలోనే పెట్టాడు.

"అంటే ఎనిమిది నెలలుగా నేను జత కట్టి పాడింది నీతోనా?"

"జతా లేదు, గితా లేదు."

"ఏడు దెబ్బలకొకసారి ఎందుకు ఆపుతావు?"

"దారం తెగతాది!" అని, వచ్చినంత గట్టిగానూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ప్రతి ఏడు దెబ్బలకూ తెగే దారం ఏ ఊళ్లో దొరుకుతుందో అతనికి తట్టలేదు. చీరల కొట్టువాడి కొడుకు, ఎలా తడుతుంది!

తర్వాత రెండు రోజులూ మగ్గం లేకుండా పాటలు విని చూశాడు. ఉప్పులేని సాంబారులా ఉన్నాయి. ఆల్బమ్ ఆపేస్తే ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. ఆపకపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? చూడకుండా ఉండటం తన వల్ల కాదని అప్పుడే తెలిసొచ్చింది. గురువారం సాయంత్రం తుంపరలో తడుస్తూ వీధి దాటాడు.

శివప్రకాశం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సరసమ్మ వక్క నములుతోంది. లోపల మగ్గం ఆడుతోంది.

"పెద్దయ్యా, రేపు ఆల్బమ్ రాదు. రికార్డింగు బాగలేదు."

"ఎవురన్నారు బాగలేదని?" పెద్దాయన కళ్లెర్రజేశాడు. "నా కూతురి చెయ్యబ్బా అది!"

లోపల మగ్గం ఠక్కున ఆగింది.

"నేర్పించినోడికి తెలీదా? నలుగురూ వినాలనే నీకు సరే అంటిని. నువ్వు పోయి నా పేరేసినావు. దాని పనితనం ఇంకెన్నాళ్లు నా పేరు కింద ఉంటాది?"

"వీధంతా తెలిసిందే కదరా," అంది సరసమ్మ. "ఈయన బాధపడతాడని మేము నోరెత్తలా. తెలీనిది, చెవులకి డిప్పలు తగిలించుకుని కూర్చుండే నీకొక్కడికే."

"ఇంకొకటి విను," శివప్రకాశం గొంతు తగ్గించాడు, లోపలికి వినిపించేంతగా. "ఏడు దెబ్బలేసి ఆపేది నేను నేర్పించింది కాదు. మొదటి ఏడాది అది లేదు. నువ్వు మిద్దెలో దిగినాకే వచ్చింది. మగ్గం కాడ కూర్చుని తలెత్తితే మీ మెట్లు బాగా కనిపిస్తాయి లే."

"నాయనా!" లోపల పోగు తోసే నాడె కింద పడింది.

దేవేంద్రన్‌కు చెవుల దాకా వేడెక్కింది. ఎనిమిది నెలలు ఆమె చూపును కంప్యూటర్‌లో కొలిచి, కోసి, అతికించి, అది ముసలాయన ఊపిరి అనుకున్నాడు! సంతోషంతో నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"దారం తెగిందా?"

"తెగింది. పో."

"యశశ్వినీ, నాకు నువ్వంటే ఇష్టం. ఆ చెయ్యి ఎవురిదో తెలీకముందే ఇష్టం."

"అప్పుడది మా నాయన చెయ్యనుకున్నావు కదా? పోయి ఆయనకి చెప్పు."

"ఆయన ఒప్పుకున్నాడు. నువ్వే చెప్పాల."

ఆమె నాడె తీసుకుని ఏడు దెబ్బలు వేసి, ఆగి, తలెత్తి తిన్నగా అతని కళ్లలోకి చూసింది. ఆ ఖాళీ ఈసారి చాలాసేపు ఉంది.

"వానలో కిటికీ కాడ ఏం పనబ్బా?" అరుగు మీద నుంచి శివప్రకాశం కేకేశాడు. "మైకు తీసుకుని లోపలికి రా. మన ఇల్లే."

శుక్రవారం పొద్దున 'నేతవీధి' విడుదలైంది. 'మగ్గం: శి. యశశ్విని' అని పైనే వేశాడు. చివరి పాటలో మాత్రం ఆ ఖాళీల్లోంచి తన మాటలన్నీ తీసేశాడు.

మధ్యాహ్నానికల్లా తిరువళ్లూరు నుంచి ఎవరో కామెంటు పెట్టారు: "బ్రో, పాటలు సూపర్. కానీ లాస్ట్ సాంగ్‌లో ఊరికూరికే సౌండ్ కట్ అవుతా ఉంది. సరిచెయ్యి."

మగ్గం పక్కన కూర్చున్న దేవేంద్రన్ ఫోన్ ఆమెకు చూపించాడు. ఆమె లాక్కుని తనే జవాబు టైపు చేసింది:

"కట్ కాదన్నా. దారం తెగింది."